కాపలా స్విచ్

సెల్కర్క్, మానిటోబా
6 జనవరి 1992

బావగారికి,

గుడ్రన్ రాస్తున్నాను. నా దస్తూరీ చూసి మళ్ళీ ఎవరో పోయారని కంగారుపడకండి. పోవలసినాయన, మీ తమ్ముడు లారుస్, ఆగస్టులోనే పోయారు. అప్పుడు మీరు పంపిన కార్డు అందింది. అందులో మీ సంతకం తప్ప మీ మాట ఒక్కటీ లేదు. దేనికి జవాబు రాయాలో తెలియక ఊరుకున్నాను.

ఇప్పుడు రాస్తున్నది ఈ ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేస్ గురించి. 1968లో మీరు బిగించినదే. పదిరోజులుగా దానికి ఏదో అయింది. మంట వెలిగిన కాసేపటికి, ఇస్త్రీ పెట్టె బట్ట మీద మరిచిపోయినట్టు ఇల్లంతా మాడు వాసన. వంటింటి నేలలోని జాలీలోంచి వచ్చే వేడిగాలికి చెయ్యి పెడితే చురుక్కుమంటోంది, కానీ ఆ గాలికి బలం లేదు. వెనక గది ఐసుగడ్డ. కింద బేస్‌మెంట్‌లోకి వెళ్ళి ఫర్నేస్ రేకు మీద చెయ్యేస్తే వేళ్ళు కాలాయి. ముందువైపు తెల్లరంగు గోధుమరంగులోకి తిరిగింది. చలికాలమంతా దాని పక్కనే పడుకునే పిల్లి పైకి వచ్చేసి, గుమ్మం లోపల బూట్ల మీద ముడుచుకుంటోంది.

ఊళ్ళో రిపేరు మనిషికి ఫోన్ చేశాను. "మీది వేడెక్కువైందంటున్నారు కదమ్మా. నా దగ్గర వేడే లేనివాళ్ళు ముప్పైమంది ఉన్నారు. ముందు వాళ్ళని చూడనివ్వండి" అన్నాడు. బయట మైనస్ ముప్పై ఆరు డిగ్రీలు. అతని మాటా న్యాయమే.

పక్కింటి థోరా ఊరుకోలేదు. "మీ బావ నలభై ఏళ్ళు చేసింది ఇదే పని కదే. అడగరాదూ?" అంది. మా మధ్య మాటల్లేవన్నాను. "మాటలెందుకు? ఉత్తరం రాయి. ఆయనకి ఎలాగూ చెవుడేగా" అంది.

అందుకని రాస్తున్నాను.

గుడ్రన్


నానైమో
12 జనవరి 1992

రూనాకి,

గుడ్రన్ అని సంతకం పెట్టావు, నాకు మాత్రం నువ్వు ఇంట్లో పిలిచే రూనావే. థోరా చెప్పింది నిజమే. జీవితమంతా రేకులు కొట్టీ కొట్టీ రెండు చెవులూ పోయాయి. ఫోన్ నాకు బొమ్మ కిందే లెక్క. ఉత్తరమే నయం. తప్పు చదివితే మళ్ళీ చదువుకోవచ్చు.

ఫర్నేస్ మనిషిలాంటిది కాదు, దానికి అలకలుండవు. వేడెక్కుతోందంటే గాలి ఆడటంలేదని అర్థం. మంట ఒక ఇనుప గదిలో మండుతుంది. ఆ గది చుట్టూ ఫ్యాను గాలి తిరిగి, వేడి పట్టుకుని ఇంట్లోకి పోతుంది. గాలి తగ్గితే వేడి అక్కడే కూర్చుంటుంది. కాబట్టి మూడు చూడు. ఒకటి, ఫిల్టర్. చివరిసారి ఎప్పుడు మార్చారు? రెండు, ఫ్యాను బెల్టు. కరెంటు ఆపి వేలితో నొక్కు. అరంగుళం దిగాలి, అంతకంటే దిగకూడదు. మూడు, గదుల్లో జాలీలు మూసేశావా?

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడటంలేదు. పైన చిన్న రేకు పెట్టెలో కాపలా స్విచ్ ఒకటుంటుంది. హద్దు మీరి వేడెక్కితే అదే మంట ఆర్పేస్తుంది. వేళ్ళు కాలేదాకా అది ఊరుకోదు. నువ్వు కొంచెం ఎక్కువ చేసి రాశావేమో.

ఇక్కడ పడమటి తీరంలో వాన. మంచు ఉండదు, ఎండా ఉండదు. నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు మిసెస్ పికార్డ్ గదికో కరెంటు హీటరు పెట్టింది. దాన్ని చూస్తే నాకు నవ్వొస్తుంది.

అమ్మ ఉన్న రోజుల్లో ఆ ఇల్లు ఎంత వెచ్చగా ఉండేదో.

ఐనార్


సెల్కర్క్
18 జనవరి 1992

బావగారికి,

ముందు మీరు అడిగినవి. తరువాత మీరు అడగకుండా అన్నవి.

ఫిల్టర్ ఎప్పుడు మార్చారంటే, లారుస్ మార్చినప్పుడు. అంటే పోయిన శీతాకాలం. అదొకటి ఉంటుందని నాకు తెలుసు, దాన్ని మార్చాలన్నది నా బుర్రలోకే రాలేదు. బయటికి లాగితే బూడిదరంగు కంబళిలా వచ్చింది, పిల్లి వెంట్రుకలతో సహా. కొత్తది పెట్టాను. బెల్టు నొక్కితే రెండంగుళాలు దిగింది, అద్దంలా మెరుస్తోంది. మీరు మెచ్చుకోవాలి, కొత్త బెల్టు నేనే వేశాను. ఒక గోరు పోయింది. జాలీలు తొమ్మిదిలో అయిదు మూసేశాను. ఒక్కదాన్ని ఎన్ని గదుల్లో ఉంటాను? మేడ మీద తలుపులు వేసేసి నెలలైంది. మీరన్నారని అన్నీ తెరిచాను. లారుస్ చొక్కాలున్న గది కూడా.

కొంచెం నయం. వాసన తగ్గింది, పోలేదు. రేకు ఇంకా వేడిగానే ఉంది. కాపలా స్విచ్ పెట్టె మూత తీయలేదు, భయం. నేను ఎక్కువ చేసి రాయలేదు. వేలి మీద బొబ్బ కవర్లో పెట్టి పంపే వీల్లేదు కాబట్టి నమ్మండి.

ఇక అత్తయ్య సంగతి. ఆరేళ్ళు ఆమెకి స్నానం చేయించింది నేను. వృద్ధాశ్రమానికి పంపుతున్నానని నా ఇంట్లో, నా బల్ల దగ్గర కూర్చుని నన్ను అన్నారు. ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు ఫర్నేస్ గురించి అడిగితే మళ్ళీ అదే పోటు. ఆ విషయంలో మీకు తెలియనిది ఒకటుంది. చెప్పనని మాటిచ్చాను, చెప్పను. మీరు మాత్రం ఆ ఇంటి వెచ్చదనం గురించి ఇంకోసారి రాయకండి.

జలుబు పట్టుకుంది, తల దిమ్ముగా ఉంది. అందుకే మాట కరుకుగా వచ్చిందనుకోండి. లేదా నిజంగానే కరుకు అనుకోండి.

గుడ్రన్


నానైమో
24 జనవరి 1992

రూనాకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వెచ్చగా ఉండేదని రాసినప్పుడు నా మనసులో నిన్ను అనాలని లేదు. అమ్మ పొయ్యి దగ్గర రొట్టె కాల్చడం గుర్తొచ్చి రాశాను. కానీ చదివితే పోటులాగే ఉంది. నా నోరు ఎప్పుడూ అంతే, చేతికి వచ్చినంత పని దానికి రాదు. అమ్మ మాట ఇక ఎత్తను.

బెల్టు నువ్వే వేశావా! నా దగ్గర పనికి చేరిన మగాళ్ళు మొదటి బెల్టుకి వేలు నలగ్గొట్టుకుని ఇంటికి పోయేవారు. గోరుతో సరిపెట్టావు. సంతోషం.

రేకు ఇంకా కాలుతోందంటే కాపలా స్విచ్ చూడక తప్పదు. గోడమీది కరెంటు స్విచ్ ఆపు, పెట్టెకున్న ఒక్క స్క్రూ తీయి, మూత వస్తుంది. లోపల ఏం కనిపిస్తే అది రాయి. ముట్టుకోకు.

ఇంకో పని. బేస్‌మెంట్‌లో లైటు ఆర్పి, కింది చిన్న తలుపు తెరిచి మంట చూడు. ఫ్యాను తిరగకముందు ఎలా ఉంది, తిరగడం మొదలయ్యాక ఎలా ఉంది. రెండూ రాయి. ఎందుకని అడగకు, ఊరికే చూడు.

జలుబుకి అల్లం వేసి వేణ్ణీళ్ళు తాగు. కిటికీ ఒకటి వేలెడు తెరిచి పడుకో. ముసలాడి చాదస్తం అనుకుని అయినా సరే.

ఐనార్


సెల్కర్క్
30 జనవరి 1992

బావగారికి,

మైనస్ ముప్పై ఎనిమిదిలో కిటికీ తెరవమన్న ఫర్నేస్ మనిషి మీరొక్కరే. థోరాకి చదివి వినిపించాను, ఇద్దరం నవ్వుకున్నాం. తెరవలేదు. కిటికీలన్నీ లోపలివైపు చెమటలు కక్కుతున్నాయి, తుడిచేసరికే పనవుతోంది.

మంట చూశాను. మొదట నాలుగు వరసలూ నీలంగా, దువ్వెన పళ్ళలా నిలబడి ఉన్నాయి. ఫ్యాను గుర్రుమనగానే, ఎడమనుంచి మూడో వరస పక్కకి వంగింది. పచ్చగా మారి, నాలుకలు చాపి ముందుకు తోసుకొచ్చింది. సరస్సు మీద గాలికి రెల్లు ఊగినట్టు. చూడ్డానికి బాగుంది కూడా. కాసేపు అక్కడే కూర్చున్నాను.

ఇక పెట్టె. రెండు తీగలు వచ్చి రెండు స్క్రూల కింద దూరుతున్నాయి. ఆ రెండు స్క్రూలనీ కలుపుతూ మధ్యలో బెత్తెడు నీలం తీగ ముక్క ఒకటి ఉంది. మూడేసి మెలికలు తిప్పి, పైన ఎర్ర టేపు చుట్టారు. ఫ్యాక్టరీ పనిలా లేదు, చేత్తో పెట్టిందే. మీరు పెట్టి ఉండరు, మీ పని శుభ్రంగా ఉంటుందని లారుస్ ఎప్పుడూ అనేవారు. ఆయనే ఎప్పుడో ఏదో చేసి ఉంటారు. ఉక్కు మిల్లు ఉద్యోగంలో నేర్చిన తెలివితేటలు. అది ఉంటే ఏమవుతుంది, బావగారూ?

జలుబు తగ్గలేదు. విచిత్రం ఏమిటంటే చర్చిలో పాటల సాధనకి వెళ్తే తలనొప్పి మాయం. ఇంటికొస్తే గంటలో హాజరు. నాకు ఒంటరితనం రోగమని థోరా అంటోంది. ఆదివారం మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నదాన్ని, లేచేసరికి చీకటి పడింది. వాంతి కూడా అయింది. వయసు.

గుడ్రన్


నానైమో
4 ఫిబ్రవరి 1992, మంగళవారం

రూనా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఇది నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను. మిసెస్ పికార్డ్ చేత మీ ఊరి ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేయించాను. ఆవిడ మాట్లాడుతుంటే పక్కన నిలబడి నేను కేకలు పెడుతూనే ఉన్నాను. ఇంట్లోంచి బయటికి లాగండి, గ్యాస్ కట్టండి అని.

అది జలుబు కాదు. ఫ్యాను తిరగగానే మంట వంగిందంటే ఆ ఇనుప గది పగిలింది. పొగలోని విషవాయువు నువ్వు పీల్చే గాలిలో కలుస్తోంది. దానికి వాసన ఉండదు, నిద్ర మాత్రం వస్తుంది.

మంట వంగితే తక్షణం బయటికి వెళ్ళమని పోయిన ఉత్తరంలోనే రాయాలి. రాయలేదు. ఒంటరి ఆడమనిషి, నిజం కాకపోతే అనవసరంగా భయపడి చలిలో పడుతుందని ఊరుకున్నాను. అది నా తప్పు. ఉత్తరం అయిదు రోజులు పడుతుందని తెలిసీ ఊరుకున్నాను.

బతికి ఉన్నానని ఒక్క ముక్క రాయి. ఆ తీగ సంగతి తరువాత.

ఐనార్


సెల్కర్క్, థోరా వాళ్ళింటి నుంచి
9 ఫిబ్రవరి 1992

బావగారికి,

బతికే ఉన్నాను.

మంగళవారం మధ్యాహ్నం తలుపు విరిగేటట్టు కొట్టారు. కుర్చీలోంచి లేవడానికి కాళ్ళు సహకరించలేదు. ఎలాగో వెళ్ళి తీస్తే, శిరస్త్రాణాలు పెట్టుకున్న ఇద్దరు. "మా ఇల్లు కాదు నాయనా, ఇక్కడ ఎక్కడా మంటల్లేవు" అన్నాను. "నానైమో నుంచి ఎవరో ఆవిడ ఫోన్ చేసిందమ్మా. పక్కన ఒకాయన గుండెలు బాదుకుంటున్నాడట" అన్నాడు పెద్దాయన. రెండోవాడి చేతిలో ఉన్న మీటరు గుమ్మంలోనే కీచుమంది. నన్ను ఎత్తుకునే తీసుకెళ్ళారు. పెళ్ళినాడు కూడా లారుస్ ఎత్తుకోలేదు.

ఆసుపత్రిలో ఒక రాత్రి ప్రాణవాయువు పెట్టారు. ఇంకో రెండు రోజులు ఆ ఇంట్లో ఉండి ఉంటే లేచేదాన్ని కాదని డాక్టరమ్మ చెప్పింది. గ్యాస్ కట్టేసి, ఫర్నేస్‌కి ఎర్ర చీటీ వేలాడదీశారు. థోరా మొగుడు హెల్గి వెళ్ళి, చలికి గడ్డకట్టి పగలకుండా నీళ్ళ గొట్టాలు ఖాళీ చేసి వచ్చాడు. పిల్లి ఇక్కడే ఉంది. అది మా అందరికంటే ముందే కనిపెట్టింది.

మరునాడు ఫైర్ స్టేషన్ పెద్దాయన వచ్చి తీగ గురించి అడిగాడు. "కాపలా స్విచ్‌ని నిద్రపుచ్చారమ్మా ఆ తీగతో. గాలి తగ్గి వేడెక్కినా మంట ఆరలేదు. మండి మండి లోపలి గది పగిలింది. ఎవరు పెట్టారు?" అన్నాడు. "మా ఆయన. పోయాడు" అన్నాను. అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అది ఇంకా సిగ్గనిపించింది.

ఆరునెలలుగా ఆయన కోసం ఏడ్చాను, బావగారూ. ఇప్పుడు ఏడుపు రావడంలేదు, ఒళ్ళు మండుతోంది. నేను పడుకునే మంచం కింద ఇంత ప్రమాదం పెట్టి, ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోయాడా? నిన్న హెల్గి చేత ఇంట్లోంచి బట్టలు తెప్పించుకుంటూ, ఆయన ఫోటో గోడ మీంచి దింపి సొరుగులో పడెయ్యమన్నాను. నలభై ఒక్క ఏళ్ళ కాపురం. నేను చూసిన మనిషి వేరు, ఆ తీగ మెలిపెట్టిన మనిషి వేరు అనిపిస్తోంది.

మీ కేకలకి రుణపడి ఉన్నాను.

గుడ్రన్


నానైమో
15 ఫిబ్రవరి 1992

రూనాకి,

ఫోటో తీసి మళ్ళీ గోడ మీద పెట్టు. ఆ తీగ లారుస్ పెట్టలేదు. నేను పెట్టాను.

ఎర్ర టేపు, మూడు మెలికలు అని చదివినప్పుడే తెలిసింది. 1984 జనవరి 15, ఆదివారం, నేనింకా సెల్కర్క్‌లోనే ఉన్న రోజులు. మైనస్ నలభై ఒకటి. మీ ఇంట్లో కాపలా స్విచ్ చెడిపోయి, ఫర్నేస్ అసలు వెలగడంలేదని లారుస్ కబురు పెట్టాడు. కొత్త స్విచ్ నా దగ్గర లేదు, కొట్లు మూసి ఉన్నాయి. అమ్మ పైన కంబళ్ళలో వణుకుతోంది. ఒక్కరోజుకి కదా అని తీగతో కలిపేశాను. రేపొచ్చి తీసి కొత్త స్విచ్ పెడతానని మనసులోనే అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. చేతులు కూడా కడుక్కోకుండా పైకి వచ్చి భోజనానికి కూర్చున్నాను. అప్పుడే నువ్వు అమ్మని ఆశ్రమానికి పంపే మాట ఎత్తావు. నేను అన్నవి అన్నాను. లారుస్ బయటికి పొమ్మని తలుపు చూపించాడు.

సోమవారం స్విచ్ వచ్చింది. రెండు వారాలు నా బండిలోనే తిరిగింది. లారుస్ పిలిస్తే వెళ్దాం అనుకున్నాను. వాడు పిలవలేదు. నాకు పట్టుదల. ఆ స్విచ్ ఇంకెవరింట్లోనో బిగించేశాను. ఆ తరువాత నిజంగానే మరిచిపోయాను. మరిచిపోయానన్నది నిజం, కానీ మొదటి రెండు వారాలు మరిచిపోలేదన్నదీ నిజమే.

లారుస్ ఏటా ఫిల్టర్ మార్చి, బెల్టు బిగించి, శుభ్రం చేసినంత కాలం అది వేడెక్కలేదు. స్విచ్‌తో పని పడలేదు. నా తప్పుని వాడి శ్రద్ధ ఇన్నాళ్ళు కాసింది. వాడు పోయాక ఆ కాపలా పోయింది. వాడి చావుకి ఇది కారణం కాదు. ఆగస్టులో ఫర్నేస్ వెలిగించరు.

నీకు ఇంకొకటి చెప్పాలి. నీ ఉత్తరానికి మొదట వేరే జవాబు రాశాను. 'లారుస్ ఎప్పుడూ తొందరమనిషి, పోనీలే, పోయినవాణ్ణి ఏమనుకుంటాం' అని. కవరు అంటించి, పోస్టు డబ్బా దాకా నడిచాను. తమ్ముడు వచ్చి కాదనడు కదా. డబ్బా మూత ఎత్తాక చెయ్యి ఆడలేదు. వెనక్కి వచ్చి ఇది రాస్తున్నాను.

నేనేమీ అడగడంలేదు.

ఐనార్


సెల్కర్క్
8 మార్చి 1992

బావగారికి,

మూడు వారాలు మీకు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో అని నాకే భయం వేసింది. ఒకరోజు మీ ఉత్తరం పొయ్యిలో పెట్టబోయాను కూడా. ఇంకా థోరా ఇంట్లోనే ఉన్నాను కదా, తను లాక్కుంది.

చచ్చినంత పనైంది నాకు, మీ పట్టుదల వల్ల. అది మొదట చెప్పాలి. ఆ తరువాత చెప్పవలసినవి ఉన్నాయి.

మీ ఉత్తరం సంగతి హెల్గికి చెప్పాను. అప్పుడు అతను నోరు విప్పాడు. ఏటా సెప్టెంబరులో లారుస్ ఫర్నేస్ శుభ్రం చేసేటప్పుడు దీపం పట్టుకునేది హెల్గే. ఒక ఏడాది, 86లోనో 87లోనో, పెట్టె మూత తీసినప్పుడు ఆ తీగ చూశాడట.

"ఇదేమిటి లారుస్, తీసెయ్యరాదూ?" అన్నాడట.

"ముట్టుకోకు. అన్నయ్య పెట్టాడది. వాడే వచ్చి తీస్తాడు."

"ఆయన నీ గుమ్మం తొక్కి మూడేళ్ళయింది. ఇంకేం వస్తాడు?"

"వస్తాడులే. పని సగంలో వదిలేసే రకం కాదు వాడు" అని మూత బిగించేశాడట. తరువాతి ఏడాదీ అంతే. ఆ పై ఏడాదీ అంతే. అదెందుకు పెట్టారో, ఎంత ప్రమాదమో ఆయనకి తెలియదు. హెల్గికీ తెలియదు. మీరు పెట్టారు కాబట్టి అది ఉండాల్సిందే అనుకున్నారు ఇద్దరూ.

ఇది చెప్పి మిమ్మల్ని ఏడిపించాలని కాదు. ఏడిస్తే ఏడవండి.

అత్తయ్యకిచ్చిన మాట కూడా ఇవాళ తప్పుతున్నాను. ఆశ్రమానికి వెళ్తానని అడిగింది ఆవిడే. అక్కడ తన ఈడువాళ్ళున్నారు, మన పూర్వీకుల ఐస్లాండ్ భాషలో మాట్లాడుకోవచ్చు, పేకాట ఆడుకోవచ్చు అని. "ఐనార్‌కి మాత్రం చెప్పకండర్రా. తనదగ్గరికి రమ్మని అనలేదని నేను అలిగాననుకుంటాడు, నొచ్చుకుంటాడు" అంది. అందుకే ఆ రోజు మీరు అంటుంటే లారుస్, నేను నోరు మూసుకున్నాం. నోరు మూసుకోవడం మన కుటుంబంలో ఆస్తిలా పంచుకున్నాం అందరం.

కొత్త ఫర్నేస్ ఈ నెల 26న వస్తుంది. పాతది ఆరోజే పట్టుకుపోతారు. దానికి కరెంటు, గ్యాస్ రెండూ ఆపేసే ఉన్నాయి. తీగ ఇంకా పెట్టెలోనే ఉంది, తీస్తామన్నవాళ్ళని నేనే వద్దన్నాను. మీరు వచ్చి తీయండి. లారుస్ అన్నమాట పోకూడదు.

క్షమించానని దీనర్థం కాదు. రమ్మంటున్నానంతే.

గుడ్రన్


నానైమో
13 మార్చి 1992

రూనాకి,

23న రైల్లో విన్నిపెగ్ దిగుతాను. హెల్గిని పంపు. పేరు పెట్టి పిలవవద్దను, వినపడదు. ఎదురుగా వచ్చి నిలబడమను.

నీ ఉత్తరం మీద ఇంకేమీ రాయలేను.

కానీ ఒక సాయం కావాలి. నిద్ర పట్టడంలేదు. ఆ 1984 చలి వారంలో కాపలా స్విచ్‌లకి కరువొచ్చింది. మీ ఇల్లు కాక ఇంకో పది ఇళ్ళలో అలాంటి తీగలు పెట్టాను. ఆరు ఇళ్ళలో తీసినట్టు ఖాయంగా గుర్తుంది, ఇంట్లోవాళ్ళ మొహాలతో సహా. నాలుగు గుర్తులేవు. తీసే ఉంటాను. ఇదివరకు ఎవరైనా అడిగితే మీ ఇంట్లో కూడా తీసే ఉంటాననే చెప్పేవాణ్ణి.

ఆ నాలుగు ఇళ్ళకీ వెళ్ళాలి. తలుపు కొట్టి, మీ ఫర్నేస్ చూడనివ్వండని ఒక చెవిటి ముసలాడు అడిగితే ఎవరు రానిస్తారు? నువ్వు పక్కన ఉండి మాట్లాడాలి.

ఐనార్


సెల్కర్క్
24 ఏప్రిల్ 1992

బావగారికి,

మీరు క్షేమంగా చేరారని మిసెస్ పికార్డ్ కార్డు రాసింది. ఆవిడ దస్తూరీ మీకంటే ఎంతో నయం. మీరు ఇంకా రాత్రుళ్ళు వరండాలో తిరుగుతున్నారని కూడా రాసింది.

కొత్త ఫర్నేస్ చప్పుడే చెయ్యదు. మొదట్లో పనిచేస్తోందో లేదో అని లేచి చూసేదాన్ని. విషవాయువు అలారం కూడా పెట్టించాను. పిల్లి కిందికి దిగిపోయింది. నేనిప్పుడు మేడ మీద అన్ని తలుపులూ తెరిచే ఉంచుతున్నాను. లారుస్ చొక్కాలు నాలుగు హెల్గికిచ్చాను, మీకు రెండు కట్టి ఉంచాను. ఫోటో గోడ మీదే ఉంది.

ఆ రోజు బేస్‌మెంట్‌లో మీరు తీగ తీసి జేబులో వేసుకుని, చాలాసేపు ఆ చల్లటి రేకు మీద చెయ్యేసి నిలబడ్డారు. నేను మెట్ల మీద ఉన్నాను. ఏదైనా అనాలనుకున్నాను, మీకు వినపడదు కదా అని ఊరుకున్నాను. వినపడనివాళ్ళ దగ్గర ఊరుకోవడం చాలా తేలిక. అది కూడా మానుకోవాలి.

రైలెక్కే ముందు అడిగారు, కోపం పోయిందా అని. మీరు గట్టిగా అడిగేసరికి ప్లాట్‌ఫారం మీద అందరూ తిరిగి చూశారు. అందుకే జవాబు చెప్పలేదు. పూర్తిగా పోలేదు. మీ మీద కొంత ఉంది, లారుస్ మీద కొంత ఉంది. అయితే మనం కలిసి చూసిన మూడు ఇళ్ళలో ఆ రెండో ఇంట్లో, కవలపిల్లల తల్లి మనకి కాఫీ ఇచ్చి కిందికి తీసుకెళ్ళిందే, అక్కడ పెట్టెలో నీలం తీగ కనిపించగానే మీరు మెట్టు మీద కూలబడిపోయారు. ఆ పిల్లలిద్దరూ అక్కడే ఫర్నేస్ ముందు బొమ్మలతో ఆడుకుంటున్నారు. తీగ పట్టుకున్న స్క్రూలు నేను విప్పి దాన్ని తీశాను. కొత్త స్విచ్ మీరు బిగించారు. ఏమీ కాలేదు, బావగారూ, ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. దారిలో వస్తుంటే, బురద మంచులో మీరు నా చెయ్యి పట్టుకుని నడుస్తుంటే, నా కోపం చాలావరకు అక్కడే ఎక్కడో జారిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మనం చూడకుండా మిగిలిన నాలుగో ఇల్లు, నది ఒడ్డున ఆకుపచ్చ గుమ్మం ఉన్నది. చలికాలమంతా ఎండదేశానికి వెళ్ళారన్నారు కదా, మొన్న వచ్చారు. వాళ్ళ బండి వాకిట్లో కనిపించగానే వెళ్ళాను, హెల్గిని కూడా పిలవలేదు. స్క్రూడ్రైవరు చేతిసంచిలో పెట్టుకుని వెళ్ళాను. ఆయన అనుమానంగా చూశాడు.

"మీరెవరండీ, గ్యాస్ కంపెనీయా?"

"కాదు. మీ ఫర్నేస్ చూసిన ఐనార్‌కి మరదల్ని. ఒక్క స్క్రూ తీసి చూసి పోతాను."

"ఆడవాళ్ళు ఈ పని చేస్తారా?"

"ఆడవాళ్ళు దీనివల్ల చస్తారు కూడా. తప్పుకోండి" అన్నాను.

ఇంకా అదే పాత ఫర్నేస్. గోడమీది కరెంటు ఆపాను. స్క్రూ తుప్పు పట్టింది, కాస్త నూనె వేస్తే వచ్చింది. మూత తీసి దీపం పెట్టి చూశాను. రెండు తీగలూ వాటి వాటి స్క్రూల కింద ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు. రెండుసార్లు చూశాను. స్విచ్ కొత్తగా మార్చిందే. మూత లోపలివైపు పెన్సిలుతో తేదీ ఉంది, 19 జనవరి 1984, కింద మీ పేరులో మొదటి అక్షరం. మీ చేతిరాతే, ఆ కోడి గీతలు ఇంకెవరివి?

మీరు తీసేశారు, బావగారూ. వాళ్ళింటికి వెళ్ళారు, తీసేశారు. ఇక మిగిలిన ఇల్లు లేదు.

పడుకోండి.

రూనా